రోడ్ బైక్‌కి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు: ఏది తీసుకోవాలి, ఎలా బిగించాలి, బ్లీడింగ్ ఎలాగ

విజయనగరం, శ్రీకాకుళం వైపు రోడ్ బైకులు తొక్కేవాళ్ళు పెరిగే కొద్దీ ఈ ప్రశ్న కూడా పదే పదే వస్తోంది. హైడ్రాలిక్, అంటే కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పట్టే డిస్క్ బ్రేకు, వేసుకోవచ్చా, వేస్తే ఏది వెయ్యాలి, పాడైతే ఇక్కడ ఎవరు చూస్తారు అని. ముక్కలు ముక్కలుగా చెప్తే ఎవరికీ పూర్తిగా ఉపయోగపడట్లేదు, అందుకే వరసగా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మన ఊళ్ళల్లో ఉండేవాళ్ళు బ్రాండు కంటే ముందు ఆ బ్రేకులో పోసే నూనె ఏదో చూడాలి. ఆ నూనె తెచ్చి ఇంట్లో పెట్టుకోగలనా, బ్లీడింగ్ (లోపలి గాలి తీసేసి నూనె నింపడం) నేనే చేసుకోగలనా, ప్యాడ్లు అయిపోతే ఎక్కడ దొరుకుతాయి, ఈ మూడింటికీ జవాబు దొరికాకే డబ్బు తియ్యండి. ప్రతి చిన్న పనికీ విశాఖ తీసుకెళ్ళాల్సి వస్తే ఎంత మంచి బ్రేకైనా నెలకి సగం రోజులు మూలనే ఉంటాది.

1. ముందు ఫ్రేము చూడండి

రిమ్ బ్రేకు (చక్రం అంచుని పట్టే బ్రేకు) ఫ్రేముకి డిస్క్ బ్రేకు పెట్టడం కుదరదు. కాలిపర్ (ప్యాడ్లని నొక్కే బ్రేకు భాగం) కూర్చోడానికి ముందు ఫోర్కు మీద, వెనక చైన్ స్టే (పెడళ్ళ దగ్గర నుంచి వెనక చక్రం దాకా వెళ్ళే గొట్టం) మీద మౌంట్లు ఫ్యాక్టరీలోనే ఉండాలి, హబ్బులకి (చక్రం మధ్య భాగానికి) రోటర్, అంటే బ్రేకు పట్టే పళ్ళెం, బిగించే చోటు ఉండాలి. వెల్డింగ్ షాపులో ముక్క అతికించి పెట్టేస్తామంటారు కొందరు, దయచేసి ఒప్పుకోవద్దు. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు బలమంతా ఫోర్కుకి ఒక పక్క కిందనే పడతాది, రిమ్ బ్రేకు ఫోర్కు దానికి తయారైంది కాదు.

మౌంట్ ఉందనుకోండి, అది ఏ రకమో చూడాలి. ఇప్పటి రోడ్ బైకుల్లో ఎక్కువ ఫ్లాట్ మౌంట్, అంటే కాలిపర్ ఫ్రేముకి అంటుకున్నట్టు బల్లపరుపుగా కూర్చుంటాది, వెనక బోల్టులు చైన్ స్టే కింద నుంచి పైకి వస్తాయి, ఆ రెండు రంధ్రాల మధ్య 34 మి.మీ. ఉంటాది. పాత వాటిలో పోస్ట్ మౌంట్, మధ్య దూరం 74 మి.మీ. స్కేలు పెట్టి కొలిచీండి, కళ్ళతో అంచనా వద్దు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి:

- మౌంట్: ఫ్లాటా, పోస్టా
- హబ్: సెంటర్ లాకా (రోటర్ని ఒకే రింగుతో బిగించేది), ఆరు బోల్టులదా
- ఫ్రేము, ఫోర్కు ఎంత పెద్ద రోటర్ దాకా ఒప్పుకుంటాయి
- వెనక ఎన్ని స్పీడ్లు, గేర్ లివర్ ఏ మోడల్
- హోస్ (నూనె వెళ్ళే గొట్టం) ఫ్రేము లోపల నుంచి వెళ్తాదా, బయట నుంచా

ఈ కాగితం లేకుండా ఆర్డర్ పెట్టి, రాంగ్ కాలిపర్ వచ్చి, రిటర్న్ గడువు దాటిపోయి బాధపడేవాళ్ళే ఎక్కువ.

2. అసలు మీకు కావాలా

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం బీచ్ దాకా, లేదా విజయనగరం నుంచి భోగాపురం, చింతపల్లి బీచ్ వైపు పొద్దున్నే వెళ్ళి ఎండెక్కేలోపు వచ్చేస్తాను, వానొస్తే బయటికి తియ్యను అనేవాళ్ళకి మంచి మెకానికల్ డిస్క్ (కేబుల్‌తో లాగేది) సరిపోతాది. టీఆర్‌పీ స్పైర్ లాగ రెండు పక్కల ప్యాడ్లూ కదిలే కాలిపర్, దానికి కంప్రెషన్‌లెస్ (నొక్కితే కుదించుకోని) ఔటర్ కేబుల్ వేస్తే చాలామందికి అక్కడితో కోరిక తీరిపోతాది. సామాన్లు అన్నీ ఏ సైకిల్ షాపులోనైనా అర్థమయ్యేవే.

ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళేవాళ్ళు, సాలూరు దాటి సుంకి వైపు జాతీయ రహదారి 26 ఘాట్ దిగేవాళ్ళు, ఒంటి బరువు ఎక్కువున్నవాళ్ళు, వానలో కూడా తొక్కేవాళ్ళు, చేతివేళ్ళకి బలం తక్కువున్నవాళ్ళు, వీళ్ళకి మాత్రం హైడ్రాలిక్ నిజంగా తేడా చూపిస్తాది. పొడుగు దిగుడులో ఒక్క వేలుతో పట్టినా ఆగుతాది, చెయ్యి లాగదు. కేబుల్ బ్రేకులో ప్యాడ్ అరిగే కొద్దీ మీరే బిగించుకోవాలి, హైడ్రాలిక్‌లో పిస్టన్ దానంతటదే ముందుకు జరిగి ఆ లోటు పూడుస్తాది. ఘాట్ మధ్యలో ఇది చాలా పెద్ద విషయం.

3. ఉన్న ఆప్షన్లు

3.1 పూర్తి హైడ్రాలిక్, షిమానో

లివర్ లోపలే మాస్టర్ సిలిండర్ (నూనెని నెట్టే పంపు), అక్కడి నుంచి హోస్, కింద కాలిపర్. 10 స్పీడ్ వాళ్ళకి టియాగ్రా 4720 లివర్లు, 11 స్పీడ్‌కి 105 లో ఆర్7020, 12 స్పీడ్ కేబుల్ గేర్లకి ఆర్7120, ఎలక్ట్రానిక్ కావాలంటే 105 డీఐ2 ఆర్7170. పైన అల్టెగ్రా, డ్యూరా ఏస్ ఉన్నాయి గానీ ఆగడంలో మీకు తెలిసేంత తేడా తక్కువ, బరువు, ఫినిషింగ్ తేడా ఎక్కువ. డబ్బు మిగిల్తే టైర్ల మీద పెట్టండి. మట్టి రోడ్లు కూడా తొక్కేవాళ్ళు జీఆర్ఎక్స్ చూడొచ్చు.

అన్నిట్లోనూ మినరల్ ఆయిలే. మన దగ్గర ఉండేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే.

లివర్, వెనక డెరైలర్ (చైన్‌ని గేర్ల మీద జరిపేది) జత కుదరాలని మర్చిపోవద్దు. పాత 10 స్పీడ్ డెరైలర్‌కి టియాగ్రా 4720 లివర్ పెడితే గేర్లు సరిగా పడవు, దాని కేబుల్ లాగుడు లెక్క వేరు. 4700 సిరీస్ డెరైలర్ ఉండాలి.

3.2 పూర్తి హైడ్రాలిక్, శ్రామ్

ఏపెక్స్, రైవల్, ఫోర్స్, రెడ్. లివర్ పట్టు చాలామందికి నచ్చుతాది. వీటి రోడ్ బ్రేకుల్లో డాట్ 5.1 ఫ్లూయిడ్ పోస్తారు. ఫ్లూయిడ్ దొరకడం ఈజీ, దాన్ని చూసుకోవడం మాత్రం ఎక్కువ పని, కింద నూనె సంగతిలో చెప్తాను.

కాంపాగ్నోలో కూడా ఉంది, మినరల్ ఆయిలే, కానీ స్పేర్లు ఇక్కడికి రప్పించుకోవడం కష్టం కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

3.3 కేబుల్ లాగితే పనిచేసే హైడ్రాలిక్ కాలిపర్

షిమానో కింది రకం గేర్లు క్లారిస్, సోరా ఉన్నవాళ్ళు ఎక్కువ అడిగేది ఇదే. గేర్ లివర్లు మార్చక్కర్లేదు, పై నుంచి మామూలు కేబుల్ వస్తాది, కాలిపర్ లోపలే చిన్న హైడ్రాలిక్ సిస్టమ్ ఉంటాది. టీఆర్‌పీ హైరోడ్, జుయిన్ టెక్ అలాంటివి. డెకత్లాన్ ట్రైబాన్ ఆర్‌సీ520 మీద కంపెనీ నుంచే హైరోడ్ వచ్చేది కాబట్టి మన వైపు కూడా చాలామంది చూసే ఉంటారు.

హైరోడ్‌లో అందరూ చేసే తప్పొకటుంది. లివర్ లూజుగా అనిపించగానే బారెల్ అడ్జస్టర్ తిప్పి కేబుల్ టైట్ చేసేస్తారు. అలా చేస్తే కాలిపర్ మీద ఉన్న ఆర్మ్ కొంచెం లేచి ఉండిపోతాది, లోపల రిజర్వాయర్ నుంచి నూనె వచ్చే దారి మూసుకుపోతాది, ఇంక ప్యాడ్ అరిగినా పిస్టన్ ముందుకు జరగదు. ఆర్మ్ పూర్తిగా కిందకి దిగి ఉన్నప్పుడే కేబుల్ బిగించాలి, ఆర్మ్‌ని లాక్ చేసే చిన్న నాబ్ అందుకే ఇచ్చారు. బిగించాక లాక్ తియ్యడం మర్చిపోకండి.

వీటి పవర్ పూర్తి హైడ్రాలిక్ అంత రాదు, కేబుల్ దుమ్ము పట్టి బిగుసుకుంటే లాభం సగం పోతాది. అయినా సరే, ఉన్న బైకుని తక్కువ ఖర్చులో మెరుగు చెయ్యడానికి ఇది మంచి దారే. పూర్తి హైడ్రాలిక్‌కి మార్చాలంటే లివర్లు, కాలిపర్లు, హోస్‌లు, ఒక్కోసారి డెరైలర్లు కూడా మారతాయి, ఆ ఖర్చు చూస్తే ఉన్న బైకు అమ్మేసి హైడ్రాలిక్‌తో వచ్చేదే కొనుక్కోవడం చాలామందికి లెక్క కుదురుతాది.

4. నూనె సంగతి

ఈ ఒక్క భాగం రెండుసార్లు చదవండి.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర బ్రేక్ ఆయిల్ అంటే డాట్ 3 లేదా డాట్ 4. అతని చేతికి వచ్చే ప్రతి బండికీ అదే. మీరు సైకిల్ తీసుకెళ్ళి బ్రేక్ లూజుగా ఉంది, కొంచెం ఆయిల్ పొయ్యండి అంటే అతను మంచి మనసుతోనే అది పోసేస్తాడు. షిమానో బ్రేకైతే అక్కడితో పాడైపోయినట్టే.

కారణం లోపలున్న రబ్బరు సీళ్ళు. మినరల్ ఆయిల్‌కి తయారైన సీలు డాట్ తగిలితే ఉబ్బుతాది, మెత్తబడతాది. డాట్‌కి తయారైన సీలుకి మినరల్ తగిలినా అదే గతి. పోసిన రోజు బాగానే పట్టుద్ది, తర్వాత లివర్ వెనక్కి రావడం నెమ్మదిస్తాది, పిస్టన్లు బిగుసుకుంటాయి, కారడం మొదలవుతాది. కడిగేసి సరైన నూనె పోసినా సీలు మళ్ళీ మామూలు అవ్వదు, షిమానో లోపలి సీళ్ళు విడిగా అమ్మదు కాబట్టి లివరూ కాలిపరూ మార్చుకోవడమే.

మినరల్ కదా అని కుట్టు మిషను నూనె, బేబీ ఆయిల్, మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు. వద్దు. చిక్కదనం వేరు, వేడికి తట్టుకునే గుణం వేరు. బ్రేకు కంపెనీ చెప్పిన నూనె చిన్న సీసా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చాలా బ్లీడింగులకి వస్తాది.

ఇప్పుడు డాట్ వాడేవాళ్ళకి. డాట్ ఫ్లూయిడ్ గాల్లో తేమ లాక్కుంటాది. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 180 కి దిగిపోతాది. డాట్ 4 కి 230, తేమ పట్టాక 155. మనది సముద్రం పక్క గాలి, సీసా మూత తీసి పెట్టి నెలల తరబడి వాడకూడదు. చిన్న సీసా కొనండి, తెరిచిన తేదీ మీద రాయండి, సంవత్సరానికి ఒకసారి బ్రేకులో మొత్తం మార్చండి. డాట్ 5 అని వేరే ఉంది, అది సిలికాన్, పేరు దగ్గరగా ఉందని అది పొయ్యకూడదు. డాట్ పెయింట్‌ని తినేస్తాది, ఒలికితే వెంటనే నీళ్ళతో కడగాలి, చేతికి గ్లవ్స్ ఉండాలి.

మినరల్ తేమ లాక్కోదు, అది దాని సుఖం. అయితే ఎలాగో లోపలికి చేరిన నీటి చుక్క నూనెలో కలవకుండా బరువుకి కిందకి, అంటే కాలిపర్ దగ్గరికి దిగి కూర్చుంటాది, వేడి ఎక్కువయ్యేది అక్కడే, నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి. అందుకని దీనికి కూడా ఏడాదికోసారి బ్లీడింగ్ చెయ్యండి, వానాకాలం అయ్యాక అయితే ఇంకా మంచిది.

నేను అందరికీ చెప్పే చిన్న పని: తెల్ల టేపు ముక్క మీద "మినరల్ మాత్రమే" లేదా "డాట్ మాత్రమే" అని పెద్దగా రాసి హోస్‌కి చుట్టండి. మీరు లేనప్పుడు ఎవరి చేతిలో పడినా ఆ టేపు బ్రేకుని కాపాడుతాది. సిరంజిలు కూడా రెండు నూనెలకీ వేరువేరు.

5. రోటర్లు, ప్యాడ్లు

రోటర్ రోడ్ బైకుల్లో 140, 160 మి.మీ. ముందు 160 పెట్టండి, అది మాత్రం తగ్గించొద్దు. వెనక తేలికపాటి మనిషికి 140 చాలు, ఘాట్లు దిగేవాళ్ళూ బరువున్నవాళ్ళూ రెండూ 160 వేసుకోండి, ఫ్రేము ఒప్పుకుంటేనే. రోటర్ కొత్తది 1.8 మి.మీ. మందం ఉంటాది షిమానోలో, 1.5 కి వస్తే మార్చెయ్యాలి.

ప్యాడ్లు రెండు రకాలు. రెజిన్: చప్పుడు తక్కువ, పట్టు మెత్తగా, వానలో ఇసుక కలిస్తే తొందరగా అరుగుతాది. మెటల్: ఎక్కువ రోజులొస్తాది, వేడికి ఆగుతాది, గోల కొంచెం ఎక్కువ. తక్కువ రేటు రోటర్ల మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని చెక్కి ఉంటాది, వాటి మీద మెటల్ వేస్తే రోటర్ని కోసేస్తాది. ప్యాడ్ మీద మెటీరియల్ 0.5 మి.మీ. కి వచ్చేదాకా ఆగకుండా ముందే ఒక జత తెచ్చి పెట్టుకోండి, ఇక్కడ అడగ్గానే దొరకవు.

6. బిగించే ముందు టేబుల్ మీద ఉండాల్సినవి

- అలెన్ కీ సెట్, టీ25 కీ (నక్షత్రం తలది), 8 మి.మీ. స్పానర్, 7 మి.మీ. స్పానర్
- టార్క్ రెంచ్, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకున్నా సరే
- హోస్ కట్టర్
- మీ బ్రేకు మోడల్‌కి సరిపడే కొత్త ఆలివ్ (హోస్ చుట్టూ నొక్కుకునే రింగు), కొత్త ఇన్సర్ట్ (హోస్ నోట్లో దూరే చిన్న గొట్టం), రెండేసి చొప్పున
- బ్లీడ్ కిట్: ఫన్నెల్, సిరంజి, ట్యూబు, బ్లీడ్ బ్లాక్ (ప్యాడ్ల బదులు పిస్టన్ల మధ్య పెట్టే ముక్క)
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఉతికిన పాత పంచె ముక్కలు, గ్లవ్స్
- చెయిన్ ఆయిల్, స్ప్రే డబ్బాలు అన్నీ వేరే గదిలో

చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. పాడైన ప్యాడ్లలో చాలా భాగం పక్కన కొట్టిన స్ప్రే వల్లే పాడవుతాయి.

7. బిగించే వరస

7.1 ఏ చేతికి ఏ బ్రేకో ముందే తేల్చుకోండి. మన దగ్గర మోటార్ సైకిళ్ళలాగే కుడి చెయ్యి ముందు బ్రేకు. బయట దేశం నుంచి వచ్చిన కొన్ని బైకులకి తిరగేసి ఉంటాది. కేబుల్ అయితే తర్వాత మార్చుకోవచ్చు, హైడ్రాలిక్‌లో హోస్ విప్పాలి, మళ్ళీ బ్లీడ్ చెయ్యాలి. హోస్ కొయ్యక ముందే నిర్ణయం అయిపోవాలి.

7.2 రోటర్ బిగించండి. చేతి వేళ్ళతో రోటర్ ముఖం ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఆల్కహాల్‌తో తుడవండి. సెంటర్ లాక్ రింగుకి షిమానో చెప్పేది 40 న్యూటన్ మీటర్లు. ఆరు బోల్టులదైతే ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి, ఒకటే ముందు టైట్ చేసేస్తే రోటర్ వంకర తిరుగుతాది.

7.3 కాలిపర్ని లూజుగా కూర్చోబెట్టండి. వెనక ఫ్లాట్ మౌంట్ బోల్టుల పొడుగు చైన్ స్టే మందాన్ని బట్టి ఉంటాది. పొట్టి బోల్టు రెండు చుట్లకే పట్టుకుని తర్వాత ఊడుద్ది, పొడుగు బోల్టు అడుగు తగిలి టైట్ అయినట్టు మోసం చేస్తాది. ముందు పక్క కింద ప్లేటుని తిప్పి పెడితే 140, 160 మారతాది, మీ రోటర్‌కి తగ్గట్టు ఉందో లేదో చూడండి.

7.4 హోస్ లాగండి. ఫ్రేము లోపల నుంచి వెళ్ళేదైతే పాత కేబుల్ చివర కొత్త హోస్ కట్టి లాగడం తేలిక. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి, ఎక్కడా లాగనంత పొడుగు వదలండి. కొలిచిన దాని కంటే రెండు వేళ్ళ మందం ఎక్కువ ఉంచి కొయ్యండి, పొట్టి అయితే మళ్ళీ కొత్తది కొనడమే.

7.5 కోత నిటారుగా ఉండాలి. ఏటవాలుగా కోస్తే ఇన్సర్ట్ సరిగా కూర్చోదు, నూనె అక్కడే కారతాది. కోసిన హోస్‌కి ముందు నట్టు ఎక్కించండి, తర్వాత ఆలివ్, ఆ తర్వాత ఇన్సర్ట్ కొట్టండి. ఈ వరస తప్పితే మళ్ళీ కొయ్యాలి. ఒకసారి నొక్కుకున్న ఆలివ్ రెండోసారి పనికిరాదు.

7.6 హోస్‌ని లివర్‌లోకి అడుగు తగిలేదాకా నొక్కి పట్టుకుని, వదలకుండా 8 మి.మీ. స్పానర్‌తో నట్టు బిగించండి, 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. వదిలేస్తే హోస్ కొంచెం వెనక్కి వస్తాది, బిగుతు బాగానే ఉన్నట్టుంటాది, గట్టిగా బ్రేకు పట్టిన రోజు ఊడుతాది.

7.7 చక్రం ఎక్కించడం, కాలిపర్ మధ్యలో పెట్టడం బ్లీడింగ్ అయ్యాకే.

8. బ్లీడింగ్

ఇక్కడ షిమానో రోడ్ లివర్ పద్ధతి చెప్తున్నాను. శ్రామ్‌కి రెండు సిరంజిలతో చేస్తారు, పై సిరంజితో గాలి లాగడం అదనం, కాలిపర్‌కి పెట్టే అడాప్టర్ కూడా వేరు, దాని కిట్టు దానికే కొనాలి.

తొందర ఉన్న రోజు చెయ్యకండి. ఆదివారం పొద్దున్న, ఫ్యాను ఆపేసి, వెలుతురు ఉన్న చోట చేసుకోండి.

8.1 చక్రం తీసేయండి, ప్యాడ్లు తీసి కాగితంలో చుట్టి దూరంగా పెట్టండి. ప్యాడ్లు ఉంచి బ్లీడ్ చేస్తే ఒక్క చుక్క చాలు పాడవ్వడానికి.

8.2 పిస్టన్లని ప్లాస్టిక్ టైర్ లివర్‌తో పూర్తిగా వెనక్కి నొక్కండి, బ్లీడ్ బ్లాక్ పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో పిస్టన్ని పొడిస్తే అంచు విరుగుతాది. అరిగిన ప్యాడ్ల మీదే నూనె నింపేసి, తర్వాత కొత్త ప్యాడ్లకి పిస్టన్లు వెనక్కి నొక్కితే నూనెకి చోటుండదు, బ్రేకు పట్టేసినట్టు ఉండిపోతాది. అందుకే పిస్టన్లు వెనక్కి వెళ్ళాకే మిగతా పని.

8.3 బైకుని స్టాండుకి పెట్టి, లివర్ మీద బ్లీడ్ స్క్రూ ఉన్న చోటు నేలకి సమంగా ఉండేలా సర్దండి. రబ్బరు హుడ్ మడిచి స్క్రూ తియ్యండి, దాని చిన్న రబ్బరు ఓ-రింగు పోగొట్టుకోవద్దు. ఫన్నెల్ తిప్పి పెట్టండి.

8.4 కాలిపర్ నిపుల్‌కి (నూనె ఎక్కించే చిన్న మూతికి) నూనె నింపిన సిరంజి ట్యూబు తొడగండి. సిరంజిలోనూ ట్యూబులోనూ బుడగ ఉండకూడదు. నిపుల్ స్పానర్‌తో తిరిగేదా, అలెన్ కీతోనా అనేది మోడల్ని బట్టి ఉంటాది. ఎనిమిదో వంతు చుట్టు తిప్పితే చాలు.

8.5 నెమ్మదిగా నూనె కింద నుంచి పైకి నెట్టండి. గాలి సహజంగా పైకే పోతాది, మనం దానికి సాయం చేస్తున్నాం అంతే. ఫన్నెల్‌లో బుడగలు వస్తాయి, అవి ఆగేదాకా నెట్టి నిపుల్ మూసెయ్యండి. హోస్ పొడుగునా వేలితో చిన్నగా తడుతూ ఉండండి, కాలిపర్ని కూడా. ఫ్రేము లోపల వంపుల దగ్గర బుడగలు పట్టుకుని కూర్చుంటాయి, తడితేనే కదులుతాయి.

8.6 సిరంజి తీసి నిపుల్‌కి ట్యూబు, చిన్న సంచి కట్టండి. ఫన్నెల్‌లో నూనె ఉండేలా చూస్తూ నిపుల్ తెరిచి కొంచెం నూనె తనంతట దిగనివ్వండి. ఫన్నెల్ ఖాళీ అయిందంటే గాలి లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ మొదటికి.

8.7 నిపుల్ మూసి లివర్ నెమ్మదిగా పదిసార్లు నొక్కండి, వదలండి. లివర్ నొక్కి పట్టుకుని నిపుల్ని ఒక్క క్షణం తెరిచి మూసెయ్యండి, రెండు మూడుసార్లు. హ్యాండిల్ని ముందుకీ వెనక్కీ కొంచెం వంచి మళ్ళీ నొక్కండి, రిజర్వాయర్ మూలల్లో దాక్కున్న బుడగలు బయటపడతాయి. లివర్ గట్టిపడిందంటే దారిలో ఉన్నారు.

8.8 ఫన్నెల్‌కి ప్లగ్ పెట్టి తియ్యండి, రంధ్రం నిండా నూనె పొంగేలా ఉండగానే ఓ-రింగుతో స్క్రూ వెయ్యండి. కింద నిపుల్ బిగించి క్యాప్ పెట్టండి. ప్రతి అంగుళం ఆల్కహాల్‌తో తుడవండి.

8.9 లివర్ని రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కి కట్టేసి రాత్రంతా ఉంచి పొద్దున్న చూడండి. జాయింట్ల దగ్గర తెల్ల కాగితం అద్దితే తడి అంటకూడదు. లివర్ ఇంకా మెత్తగా, హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే ఆ బైకు రోడ్డెక్కకూడదు, మళ్ళీ 8.4 నుంచి.

9. కాలిపర్ మధ్యకి తేవడం, ప్యాడ్లు అలవాటు చెయ్యడం

చక్రం, ప్యాడ్లు పెట్టాక కాలిపర్ బోల్టులు అర చుట్టు లూజు చెయ్యండి, లివర్ గట్టిగా పట్టుకోండి, పట్టుకునే బోల్టులు ఒకటి మార్చి ఒకటి బిగించండి. షిమానో ఫ్లాట్ మౌంట్‌కి 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. వదిలి చక్రం తిప్పండి. కాలిపర్ వెనక తెల్ల కాగితం పట్టుకుని చూస్తే రెండు పక్కలా సన్నని వెలుగు గీత సమానంగా కనిపించాలి. కనిపించకపోతే బోల్టు కొంచెం వదులు చేసి చేత్తో జరపండి.

కొత్త ప్యాడ్లు మొదటి రోజు సరిగా పట్టవు, అందరూ భయపడేది ఇక్కడే. ఖాళీ రోడ్డు మీద 20 కి.మీ. వేగంలో నుంచి నడిచే వేగం దాకా, పూర్తిగా ఆపకుండా, ఇరవై సార్లు బ్రేకు పట్టండి. తర్వాత 30 వేగం నుంచి ఇంకో పది సార్లు. ముందు బ్రేకు వేరుగా, వెనక వేరుగా. మధ్యలో చక్రం లాక్ చెయ్యొద్దు. నెల్లిమర్ల వైపు పొద్దున్న లారీలు లేని టైములో చేసుకోవచ్చు. ఇది చెయ్యకుండా నేరుగా ఘాట్‌కి వెళ్ళకండి.

10. వచ్చే తేడాలు, వాటికి మందు

చక్రం తిరిగేటప్పుడు టిక్ టిక్ అని ఒకే చోట తగులుతోంది: రోటర్ వంగింది. తగిలే చోట గుర్తు పెట్టి, శుభ్రమైన గుడ్డ చుట్టిన స్పానర్‌తో కొంచెం కొంచెంగా వంచండి.

ఆగకుండా రుద్దుతోంది: కాలిపర్ మధ్యలో లేదు, లేదా ఒక పిస్టన్ బిగుసుకుంది. పిస్టన్ అయితే ప్యాడ్లు తీసి, రెండో పిస్టన్ని ఆపి, బిగిసినదాన్ని కొంచెం బయటికి రప్పించి, అంచు మీద అదే బ్రేకు నూనె చుక్క అద్ది, వెనక్కి నొక్కండి. నాలుగైదుసార్లు చేస్తే వదులుతాది.

కీచుమని అరుస్తోంది, పట్టు కూడా తగ్గింది: నూనె తగిలింది. రోటర్ని ఆల్కహాల్‌తో రెండు మూడు వేరు గుడ్డలతో తుడవండి, ప్యాడ్లని గరుకు కాగితం మీద సమంగా అరగదియ్యండి. మళ్ళీ అరిస్తే ప్యాడ్లు నూనె పీల్చేశాయి, పడేసి కొత్తవి వెయ్యండి. పొయ్యి మీద కాల్చి బాగు చెయ్యాలని చూడొద్దు. కొత్తవి వేసే ముందు కాలిపర్ నుంచే కారుతోందేమో చూడాలి, కారుతుంటే ఎన్ని ప్యాడ్లు వేసినా ఇంతే.

వానలో మాత్రమే అరుస్తోంది, ఆరాక పోతోంది: అది మామూలే.

చక్రం విప్పినప్పుడు లివర్ నొక్కేశారు, ఇప్పుడు రోటర్ దూరట్లేదు: పాత ప్యాడ్ల మధ్య టైర్ లివర్ పెట్టి నెమ్మదిగా విడదీయండి. ఇకనుంచి చక్రం తియ్యగానే ప్లాస్టిక్ స్పేసర్ పెట్టే అలవాటు చేసుకోండి, బైకుతో పాటు వచ్చే ఆ చిన్న ముక్కని చాలామంది మొదటి రోజే పడేస్తారు.

11. మన వాతావరణం, మన దార్లు

సముద్రం పక్క తొక్కి వచ్చినప్పుడు మంచినీళ్ళతో కడగండి, ప్రెషర్ పైపు కాలిపర్ మీదకి నేరుగా కొట్టొద్దు. రోటర్ బోల్టులు, కాలిపర్ బోల్టుల తలలు ఉప్పుగాలికి తొందరగా తుప్పెక్కుతాయి, తుప్పెక్కితే అలెన్ కీ జారి తల గుండ్రమైపోతాది. మరకలా మొదలైనప్పుడే మార్చండి.

రైల్లోనో బస్సు మీదనో తలకిందులుగా బైకు తీసుకెళ్తే రిజర్వాయర్‌లో ఉన్న కొంచెం గాలి హోస్‌లోకి దిగొచ్చు. దింపాక బైకుని నిలబెట్టి కాసేపు ఉంచి, లివర్ పదిసార్లు నొక్కి గట్టిగా ఉందో లేదో చూశాకే ఎక్కండి. అప్పుడు కూడా మెత్తగా ఉంటే లోపల గాలి ఎక్కువుంది, బ్లీడ్ చెయ్యాల్సిందే.

అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకుని మెల్లగా పట్టుకునే ఉంచడం మానండి. వేడి చల్లారడానికి టైము దొరకదు. మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించండి, పూర్తిగా వదిలెయ్యండి, మళ్ళీ మలుపుకి ముందు పట్టండి. వదిలిన ఆ కొన్ని సెకన్లలోనే గాలికి రోటర్ చల్లబడుతాది. లివర్ ప్రయాణం పెరుగుతున్నట్టు, మెత్తబడుతున్నట్టు అనిపిస్తే పక్కకి తీసి ఆగండి, రోటర్ని ముట్టుకోవద్దు, చర్మం ఊడుద్ది, నీళ్ళు కూడా పొయ్యొద్దు, వేడి మీద పోస్తే వంగిపోతాది. పదిహేను నిమిషాలు ఆగితే లివర్ మళ్ళీ గట్టిపడాలి. గట్టిపడినా, ఇంటికెళ్ళాక ఆ నూనె మార్చెయ్యండి.

ఘాట్‌కి ముందు రోజు రాత్రి చూడాల్సినవి:

- లివర్ గట్టిగా నొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోకుండా ఆగుతోందా
- ప్యాడ్ మెటీరియల్ 1 మి.మీ. కంటే ఎక్కువుందా
- కాలిపర్ బోల్టులు, రోటర్, యాక్సిల్ బిగుతుగా ఉన్నాయా
- హోస్ జాయింట్లు పొడిగా ఉన్నాయా
- సంచిలో ఒక జత ప్యాడ్లు, ప్యాడ్ పిన్నుకి సరిపడే కీ, ఒక స్పేసర్ ఉన్నాయా